సోమవారం సంచీ

బడి వెనక గోడ దగ్గర జీపు ఆగేసరికి సంచీ అక్కడే ఉంది. నల్లది. మూతి బిగించి కట్టి ఉంది. పక్కనే 'ఇక్కడ చెత్త వేయరాదు' అన్న బోర్డు. వేసినవాడెవడో సంచీ దొర్లిపోకుండా జాగ్రత్తగా ఆ బోర్డు కర్రకే ఆనించి వెళ్ళాడు.

"సోమవారం దొర వచ్చి వెళ్ళాడు మేడమ్," అన్నాడు డ్రైవరు.

ఆ పేరు పెట్టింది అతనే. ఏడాదిగా ప్రతి సోమవారం తెల్లవారేసరికి అక్కడో సంచీ ప్రత్యక్షమవుతోంది. దాన్ని చూసి మిగతావాళ్ళకీ ధైర్యం వచ్చింది. విరిగిన కుర్చీలు, చిరిగిన పరుపులు, పగలగొట్టిన గోడల పెళ్ళలు, అన్నీ అక్కడికే. గోడ పక్క కాలువ పూడిపోయి, మొన్నటి వానకు నీళ్ళు రెండో తరగతి గదిలోకి వచ్చాయి. డ్రైవరు మనవరాలు కూర్చునేది ఆ గదిలోనే. వారం నుంచి పిల్ల దగ్గుతోంది.

మున్సిపాలిటీ వాళ్ళు చేతులు కట్టుకుని కూర్చోలేదు. బోర్డు పెట్టారు. కరపత్రాలు పంచారు. స్తంభానికి కెమెరా బిగించారు. మూడోరోజుకల్లా ఆ కెమెరానే ఎవరో ఎత్తుకుపోయారు.

శానిటరీ ఇన్‌స్పెక్టరు బదిలీ మీద ఈ ఊరికి వచ్చి పది రోజులైంది. మాట తక్కువ మనిషి. వచ్చీ రాగానే ఓ పద్ధతి మొదలుపెట్టింది. సంచీ విప్పడం, అందులో అడ్రసు వెతకడం, ఇంటికి వెళ్ళి నోటీసు చేతిలో పెట్టడం. కరెంటు బిల్లులతో కొందరు దొరికారు, కొరియరు కవర్లతో ఇంకొందరు. ఒక పెద్దమనిషి తనకిచ్చిన సన్మానపత్రాన్నే పారేసి పట్టుబడ్డాడు.

సోమవారం దొర అంత తేలిగ్గా దొరికే రకం కాదు. పాత ఇన్‌స్పెక్టరు ఓసారి అతని సంచీ విప్పి చూశాడు. అందులో అడ్రసుండే కాగితమల్లా గోరంత ముక్కలుగా చింపి ఉంది. పోయిన సోమవారం ఈమె మీటింగులో ఉండగానే లారీ వచ్చి సంచీని ఎత్తుకుపోయింది.

ఆమె పట్టా పరిచింది. చేతులకు తొడుగులు వేసుకుని సంచీ కుమ్మరించింది. డ్రైవరు ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని నాలుగడుగులు వెనక్కి జరిగాడు.

నిలువునా కత్తిరించి అడుగంటా గీకేసిన టూత్‌పేస్టు గొట్టం. సగం నింపి వదిలేసిన గళ్ళ నుడికట్టు, ఆకుపచ్చ సిరాతో. ఎక్కడా తెగకుండా ఒకటే చుట్టగా ఒలిచిన కమలాతొక్క.

తొక్కను కొసపట్టుకుని ఎత్తింది ఇన్‌స్పెక్టరు. అది స్ప్రింగులా కిందికి వేలాడింది. దాన్ని మళ్ళీ చుట్ట చుట్టి పట్టా మీద పెట్టింది. తర్వాత తొడుగులు తీసేసింది.

"కాస్త మంచినీళ్ళివ్వండి డ్రైవరు గారూ."

"ఏం దొరకలేదా మేడమ్?" సీసా అందిస్తూ అడిగాడు. అతనికి ఆకలి దంచేస్తోంది.

"దొరికాడు. యాభై దాటుంటాయి. ఎడమచేతివాటం. వస్తువు వృథా చెయ్యడు. మొదలుపెట్టిన పని మాత్రం పూర్తి చెయ్యడు."

డ్రైవరు నోరు వెళ్ళబెట్టాడు. "తొక్క చూసి ఇదంతా ఎలా చెప్పారండీ?"

"అనుభవం," అందామె.

సంచీ అడుగున తుడుపుగుడ్డగా వాడి పారేసిన పాత చొక్కా ఒకటుంది. దాని కాలరు లోపల ఎర్రదారంతో కుట్టిన లాండ్రీ గుర్తు. మలుపులో ఉన్న లాండ్రీవాడు దాన్ని చూడగానే చెప్పేశాడు. పసుపు మేడ, రెండో అంతస్తు.

మేడ ముందు జీపులోనే కూర్చుని ఆమె నోటీసు నింపింది. సాక్షిగా డ్రైవరు కూడా వెంట వెళ్ళాడు.

తలుపు తీసినాయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని ఉన్నాడు. డ్రైవరు అన్నిటికీ సిద్ధపడే ఉన్నాడు. ఈ పది రోజుల్లో ఎన్ని వినలేదు. ఆ సంచీ మాది కాదు, పనిమనిషి వేసుంటుంది, నేనెవరో తెలుసా. ఈయన అవేవీ అనలేదు. ఇన్‌స్పెక్టర్ని చూసి తలుపు రెక్క పట్టుకున్నాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"బడి వెనక చెత్త వేసింది మీరేనా?"

"నేనే."

"ఎవరండీ వచ్చిందీ?" లోపల్నించి ఆడగొంతు.

"ఎవరూ లేరు. చెత్త గురించట," అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

ఇన్‌స్పెక్టరు నోటీసూ పెన్నూ అందించింది. ఆయన సంతకం పెట్టాడు. ఎడమచేత్తోనే. డ్రైవరు చప్పట్లు కొట్టబోయి తమాయించుకున్నాడు.

"చెప్పులేసుకుని రండి," అందామె. "జీపులో ఉన్న మీ సంచీ మీరే మోసుకెళ్ళి చెత్త కేంద్రంలో అప్పజెప్పాలి. రేపట్నుంచి వారం రోజులు ఆ కాలువలో పూడిక తియ్యాలి. రూలు."

ఆయన వచ్చాడు. సంచీ భుజాన వేసుకుని బజారు పొడుగునా నడిచాడు. వెనకే జీపు, నత్తనడక. జనం బాల్కనీల్లోకి వచ్చి చూశారు. హెడ్‌మిస్ట్రెస్ గేటు దాకా వచ్చి నిలబడింది. ఇక మనవరాలి గదిలోకి నీళ్ళు రావనుకునేసరికి డ్రైవరుకు హుషారొచ్చింది. అవసరం లేకపోయినా రెండుసార్లు హారన్ కొట్టాడు.

సంచీ అప్పజెప్పి, తల దించుకునే వెళ్ళిపోయాడాయన.

సాక్షి సంతకం కోసం నోటీసు డ్రైవరు చేతికొచ్చింది. పేరు, తండ్రి పేరు, పుట్టినతేదీ, ఎక్కడా ఒక్క కొట్టివేత లేదు. వాటి కింద 'ఇంతకుముందు ఇలాంటి నేరం చేశాడా?' అన్న గడిలో 'అవును' అని రాసి ఉంది.

"ఇక్కడ పొరపాటు పడ్డట్టున్నారు మేడమ్. ఈయన మనకు దొరకడం ఇదే మొదలు కదా. ఇంతకుముందు ఎప్పుడు చేశాడు?"

ఇన్‌స్పెక్టరు పెన్నుకు మూత పెట్టింది.

"పద్నాలుగేళ్ళ కిందట ఓ ఆదివారం, చెత్త పడేసి ఇప్పుడే వస్తానని నాతో చెప్పి మెట్లు దిగి, మళ్ళీ ఇంటికి రాలేదు మా ఆయన."