పెద్ద మంట మీద

“మాస్టారూ! వెల్లుల్లి ముందా, ఉల్లిపాయ ముందా?”

వంటింట్లోంచి కండక్టరమ్మ కేకేసింది. బస్సులో చివరి సీటు దాకా వినిపించే గొంతు అది. ముందు గదిలో కూర్చున్న మొగుడికి వినపడలేదంటే నమ్మేవాళ్ళెవరు?

“ఏదైతే ఏంటి, చివరికి పొట్టలోకేగా,” అన్నాడు మాస్టరు, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

ఆ మాట అన్నది ఎవరనుకున్నారు! పెద్ద హోటల్లో చైనా వంటల పొయ్యికి ఏళ్ళ తరబడి అతనే రాజు. నూడిల్స్ గాల్లోకి ఎగరేస్తే జనం తినడం మానేసి నోళ్ళు తెరుచుకుని చూసేవాళ్ళు. ఇంట్లో కూడా గరిట అతనిదే. కండక్టరమ్మకు టీ పెట్టడం తప్ప ఇంకేమీ రాదు, రావలసిన అవసరమూ పడలేదు.

అలాంటి మనిషి జ్వరంతో పడి లేచి, తిరిగి పనిలోకి వెళ్ళిన రోజే ఓ ప్లేటు వెనక్కొచ్చింది. నూనె పాడైందన్నారు. ఓనరు నలుగురిలో ఓ మాట అన్నాడు. మాస్టరు గరిట అక్కడే పడేసి ఇంటికొచ్చేశాడు. ఆనాటి నుంచి పొయ్యి ముఖం చూడలేదు. ఎందుకయ్యా అంటే “విసుగొచ్చింది” అంటాడు. నిన్నటికి నిన్న వంటింటి గుమ్మంలోనే కూర్చున్నాడా, వెనకాల పాలు పొంగిపోయి గిన్నె మాడుతున్నా పేపర్లోంచి తల ఎత్తలేదు. అది చూసినప్పటి నుంచి కండక్టరమ్మ మనసు మనసులో లేదు.

దానికి తోడు మధ్యాహ్నం ఓనరు ఫోను. “కొత్త మాస్టర్ని మాట్లాడుకున్నానమ్మా. అయినా పాత అభిమానం కొద్దీ అడుగుతున్నాను. ఈ రాత్రిలోగా వస్తానంటే పొయ్యి ఆయనదే. లేదంటే ఇక నన్ను తప్పు పట్టొద్దు.”

అందుకే డ్యూటీ దిగీ దిగగానే, యూనిఫాం అయినా మార్చకుండా, నూడిల్స్ ప్యాకెట్టూ, క్యాబేజీ, సోయా సాసూ పట్టుకొచ్చింది. సాయానికి చెల్లెల్ని పిలిచింది. ఆ పిల్లకి హుషారెక్కువ, కాలు ఒకచోట నిలవడం లేదు.

“నాకర్థమైందిలే అక్కా! మన పాడు వంటతో బావకి రోషం తెప్పించాలి, అంతేగా?”

“లేచి రావాలి. ఆ కుర్చీలోంచి లేచి రావాలి,” అంది కండక్టరమ్మ.

చెల్లెలు కత్తి పుచ్చుకుని క్యాబేజీ మీద విరుచుకుపడింది. ధన్! ధన్! ధన్!

“ఎవరక్కడ, కట్టెలు కొడుతున్నారా? సన్నగా, పొడుగ్గా తరగండి!” ముందు గదిలోంచి కేక వచ్చింది.

“వచ్చి చూపించరాదా బావా? నీ సొమ్మేం పోయింది?”

“ఫోన్లో చూసి నేర్చుకోండి.”

అక్కాచెల్లెళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. చేప కదిలింది గానీ గాలానికి పడలేదు.

నీళ్ళు తెర్లాయి. నూడిల్స్ వేశారు. ఎంతసేపైనా తీయలేదు.

“ఇంకా దించలేదా? ముద్దయిపోతుందర్రా! వార్చి చన్నీళ్ళు పోయండి, కాస్త నూనె పట్టించండి!”

కుర్చీ కిర్రుమంది. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. కుర్చీ మళ్ళీ కిర్రుమంది. వెనక్కి వాలినట్టున్నాడు. టీవీ గొంతు రెట్టింపైంది.

“మొండిఘటం! ఇదీ పోయింది,” అంది చెల్లెలు.

“ఇంకోటుంది. ముందా పొగ లాగే ఫ్యాను ఆపు.”

“చస్తామే అక్కా!”

“చస్తే చద్దాం. ఆపు.”

ఇనప మూకుడు కింద మంట పెద్దది చేసి, నూనె పోసి, గుప్పెడు వెల్లుల్లి తరుగు పడేసింది. చుయ్‌మంది. తెల్లటి ముక్కలు ఎర్రబడ్డాయి. కండక్టరమ్మ గరిట ముట్టుకోలేదు. ఆమె మూకుడు వైపు చూడనైనా లేదు. గుమ్మంలోంచి మొగుడి వీపునే చూస్తోంది.

“అక్కా, మాడుతోంది!”

“ష్! నోరెత్తావంటే ఊరుకోను.”

“నల్లబడిపోతోందే బాబూ!”

“పడనీ.”

టీవీలో ఎవరో పకపకా నవ్వుతున్నారు. ఇంత భయం కండక్టరమ్మకి జన్మలో ఎప్పుడూ వేయలేదు.

“వెల్లుల్లి మాడిపోతోంది! దించండే!”

కుర్చీ దభాలున వెనక్కి పడింది. ఒక్క అంగలో మాస్టరు వంటింట్లో ఉన్నాడు. భార్యని పక్కకి నెట్టి, గరిట అందుకుని, మాడిందంతా ఓ పళ్ళెంలోకి గుమ్మరించి, మూకుడు తుడిచి మళ్ళీ మంటకెక్కించాడు. నూనె. వెల్లుల్లి. ఉల్లి. క్యాబేజీ. నూడిల్స్. సాసు. మణికట్టు ఒక్క విదిలింపు విదిలిస్తే నూడిల్స్ గాల్లో గిరికీ కొట్టి మూకుట్లో పడ్డాయి.

చెల్లెలు ఈలేసింది. “పారింది! అక్కా, మన ఎత్తు పారింది! రోషమొచ్చింది బావకి!”

“ఇల్లు తగలబెట్టబోయి గంతులొకటా? అసలు బుద్ధుందా మీకు? ఆ గదిలోకి కూడా ఒకటే...”

మాట మధ్యలో ఆగిపోయాడు. పొయ్యి ఆపాడు. ఘుమఘుమలాడే నూడిల్స్ వదిలేసి, మాడిన వెల్లుల్లి పళ్ళెం రెండు చేతులతో మొహం దగ్గరికి తెచ్చుకున్నాడు. అతని కళ్ళల్లోంచి బొటబొటా నీళ్ళు కారాయి.

“పొగకి కళ్ళు మండుతున్నాయా బావా?” అంది చెల్లెలు అయోమయంగా.

కండక్టరమ్మ అప్పటికే ఫోను చెవికి ఆనించుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియడం లేదు. “ఓనరుగారూ, రేపు పొద్దున్నే వస్తాడు. పూచీ నాది!”

జ్వరం తగ్గాక అతని ముక్కుకు తెలిసిన మొదటి వాసన అది.