కుర్మాకి ఒకటే స్టార్

వెనకాల షట్టర్ సగానికి పైగా దిగింది. ఆ చప్పుడుకి లూకా గుండె జారిపోయింది.

"కూర్చోండి సార్," అన్నాడు నాగూర్ బాషా. ఆ హోటల్ ఓనర్ అతనే. మనిషి తలుపుకి సరిపోయేంత ఉంటాడు. చేతిలో మాంసం కొట్టే కత్తి ఉంది, కింద పెట్టే ఉద్దేశం ఉన్నట్టు లేదు. తెనాలి బజార్లో తన దారిన తాను పోతున్న లూకాని, "సార్, ఒక్క నిమిషం" అని భుజం మీద చెయ్యేసి లోపలికి నడిపించుకొచ్చాడు.

"నాకు పనుందండీ. బాపట్ల బస్సు పట్టుకోవాలి..."

"బస్సులకేం, వస్తానే ఉంటాయి. కూర్చోండి."

లూకా కూర్చున్నాడు. కూర్చోక ఏం చేస్తాడు పాపం.

బాషా ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. "'తెనాలి తిండిబోతు' అంటే మీరే కదండీ?"

"అబ్బే, కాదండీ! ఎవరండీ ఆయన?"

"మీరు పెట్టిన ఫోటోలో పరోటా పక్కన స్టీలు గ్లాసుంది. గ్లాసులో మీ మొహం ఉందండి."

లూకా వంగి చూశాడు. నిజమే. మొహం సొరకాయలా సాగిపోయింది గానీ, ఆ మీసం తనదే. మారుపేరు పెట్టుకుని రేపల్లె నుంచి సూర్యలంక దాకా ప్రతి హోటల్‌కీ స్టార్లు పంచే మహానుభావుడు, ఎదురుగా ఉన్న గ్లాసు సంగతి చూసుకోలేదు.

బాషా పైకి చదివాడు. "'మటన్ కుర్మాలో ఉప్పు లేదు. వండినవాళ్ళు ఒక్కసారన్నా నోట్లో వేసుకుని చూశారా? ఒకటే స్టార్.' మొన్న రాత్రి తిని రాశారు."

"తీసేస్తానండీ. ఇప్పుడే, మీ ముందే తీసేస్తా."

"తియ్యొద్దు. ఒక్కటి చెప్పండి. వండినోళ్ళు నోట్లో వేసుకోలేదని మీకెట్టా తెలిసింది?"

"ఏదో ఊరికే... అందరం అలాగే రాస్తామండీ."

బాషా వంటింటి వైపు తిరిగాడు. "షాకిర్, తీసుకురా!"

బాషా తమ్ముడు షాకిర్ ప్లేటు తెచ్చి పెట్టాడు. పొగలు కక్కుతున్న కుర్మా, పరోటా. పనివాళ్ళు కూడా వచ్చి చుట్టూ నిలబడ్డారు. పెదవులన్నీ ఎండిపోయి ఉన్నాయి, చూపులన్నీ ప్లేటు మీదే ఉన్నాయి. వంటింటి పరదా చాటు నుంచి బాషా తల్లి హుస్సేన్ బీ కూడా చూస్తోంది.

"తినండి," అన్నాడు బాషా.

"మీరు కూడా..."

"మేం ముట్టమండీ. ఇక్కడ ఒక్కళ్ళం కూడా ముట్టం. మీరే తినాలి."

లూకా ప్లేటు మీదికి వంగి వాసన చూశాడు. ఇందులో ఏం కలిపారు? విరేచనాల మందైతే ఎలాగో బతకొచ్చు. ఎలకల మందైతే? ఆ నోరే నీ కొంప ముంచుతుందని స్వర్ణలత ఎన్నిసార్లు మొత్తుకుంది! పెళ్ళాం మాట విననందుకు అనుభవించాల్సిందే అనుకున్నాడు.

కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాడు. తినేముందు ప్రార్థన చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటే గానీ, ఇంత శ్రద్ధగా ఎన్నడూ చెయ్యలేదు. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

"ఎట్టా ఉంది?"

"అద్భుతమండీ!"

బాషా మొహం నల్లబడింది. "సరిగ్గా చెప్పండి."

"అమృతమండీ! అయిదు స్టార్లు పెడతాను. మా ఆఫీసోళ్ళందరి చేతా పెట్టిస్తాను."

బాషా బల్ల మీద గుద్దాడు. ప్లేటు ఎగిరిపడింది. "నా మొహం చూసి కాదండీ, కుర్మా చూసి చెప్పండి!"

"ఏంట్రా ఇంకా?" పరదా వెనక నుంచి హుస్సేన్ బీ గొంతు వినిపించింది. "కానివ్వరా, టైమైపోతోంది!"

దేనికి టైమైపోతోంది? లూకాకి చెమటలు పట్టి చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఏడుపొచ్చేసింది.

"అన్నా, తప్పయిపోయింది. చిన్నపిల్లలున్నారు..."

"పిల్లల సంగతి ఎవరడిగారండీ? ఇంకో ముద్ద తినండి."

షాకిర్ దగ్గరికి జరిగాడు. లూకా రెండో ముద్ద మింగాడు. చావు ఎలాగూ తప్పదని తేలిపోయాక, పాడు నోరు అలవాటు కొద్దీ దానంతటది తెరుచుకుంది.

"ఉప్పు లేదండీ."

అనేసి గట్టిగా కళ్ళు మూసుకున్నాడు. దెబ్బ ఎటు నుంచి పడుతుందో తెలియక తల రెండు చేతులతో కప్పుకున్నాడు.

దెబ్బ పడలేదు.

"అమ్మా! ఇయ్యాల కూడా ఉప్పు లేదంట!" బాషా కేక వేశాడు. "సార్, ఎంత పడుద్దండీ? గుప్పెడా?"

"రెండు... రెండు గుప్పిళ్ళు," అన్నాడు లూకా, కళ్ళు తెరవకుండానే.

వంటింట్లో మూత తీసిన చప్పుడు, గరిటె గిర్రున తిరిగిన చప్పుడు. చుట్టూ నిలబడ్డవాళ్ళంతా ఒక్కసారి ఊపిరి వదిలారు. బాషా కత్తి బల్ల మీద పెట్టి, ఎదురుగా కూర్చుని లూకా చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"పండగ దాకా రోజూ ఈ టైముకి వచ్చి ఒక ముద్ద తినిపోండి సార్, దణ్ణం పెడతా. రంజాన్ మొదలైంది కదా, వంటింట్లో అందరం రోజా ఉన్నామండీ, పొద్దుగూకేదాకా ఉపవాసం. కొసనాలిక మీద కూడా పెట్టి చూడనివ్వదు మా అమ్మ. ఎవర్ని పిలిచి రుచి చూపించినా నా మొహం చూసి బాగుందనేవాళ్ళేగానీ, ఉప్పు లేదన్న మగాడు ఊరు మొత్తానికీ మీరొక్కరేనండీ!"