టోకెన్ తీసుకోని మనిషి

ముద్ర తలకిందులుగా పడింది.

"ఇదేంటమ్మా, మా మనవడు తలకిందులుగా పుట్టాడా?" అంది కిటికీ అవతలి ముసలమ్మ, జనన ధ్రువపత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసి.

వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు.

గుమాస్తా అమ్మాయి ఆ కాగితాన్ని వెనక్కి తీసుకుంది. కొత్త ప్రతి తీసి, దాని అంచును ఇనుప దిమ్మ కింద అదిమి పెట్టి, ఎడమచేత్తో మళ్లీ ముద్ర వేసింది. ఆమె కుడిచెయ్యి మోచేతి దగ్గరే ఆగిపోయింది. పుట్టుకతో వచ్చిన లోటు. దానితో ఆమెకు పేచీ లేదు. పేచీ అంతా దాన్ని చూసే కళ్లతోనే.

ఇప్పుడు జరిగిన పొరపాటుకు కారణం కూడా చెయ్యి కాదు, ఒక చూపు.

ఎదురుగా గోడవార బల్ల మీద ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఆ కార్యాలయానికి ఎవరొచ్చినా గుమ్మం దగ్గర టోకెన్ తీసుకుని, తమ అంకె పిలిచేదాకా ఆగాలి. ఈయన టోకెన్ తీసుకోడు. ఎవరి అంకె పిలిచినా లేవడు. పొద్దున్నే వచ్చి, శాలువా నిండుగా కప్పుకుని, ఆమె చేతినే చూస్తూ కూర్చుంటాడు. ముద్ర పడినప్పుడల్లా తల కొద్దిగా ఊపుతాడు.

చేరిన రోజునే పై అధికారిణి ఉన్నమాట చెప్పేసింది.

"నెలరోజులు చూస్తానమ్మా. జనంతో పని. ఆలస్యమవుతోందనో, తప్పులు పడుతున్నాయనో ఫిర్యాదులొస్తే లోపల రికార్డు గదికి మార్చేస్తాను. నువ్వు నొచ్చుకోకూడదు. జీతం అదే."

జీతం అదే. కానీ రికార్డు గదికి కిటికీ లేదు. అందులోకి వెళ్లిన మనిషి జనం కంటపడదు. ఇలాంటివాళ్లకు ఈ పని చేతకాదన్న మాట మాత్రం బయట మిగిలిపోతుంది. తరవాత వచ్చేవాళ్ల మెడకు కూడా అదే చుట్టుకుంటుంది.

నెల నిండవచ్చింది.

"ఆ పెద్దాయన మేడమ్ మనిషే అయ్యుంటాడు. నీ తప్పులు లెక్కపెడుతున్నాడు," అన్నాడు పక్క కిటికీ గుమాస్తా ఆవులిస్తూ.

"మీ తప్పులెవరూ లెక్కపెట్టరేం?"

"నాకు రెండు చేతులున్నాయిగా తల్లీ. ఎన్ని తప్పులైనా చెయ్యొచ్చు."

అతను నవ్వులాటకే అన్నాడు. ఆమెకు ములుకులా దిగింది.

మధ్యాహ్నం కాపలాదారును పిలిచింది.

"అన్నా, ఆ పెద్దాయనకి ఇక్కడ పనేమన్నా ఉందా?"

"పనేం లేదమ్మా. ఊరికే కూర్చుంటాడు. ఎవరికీ అడ్డం కాదులే."

"నాకు అడ్డమే. పనిలేనివాళ్లు లోపల కూర్చోకూడదని నీ తల మీదే బోర్డుంది."

కాపలాదారు తలెత్తి, ఆ బోర్డును తొలిసారి చూసినవాడిలా చదువుకున్నాడు. బుర్ర గోక్కుంటూ బల్ల దగ్గరికి నడిచాడు.

"పెద్దాయనా, ఏమనుకోకండి. మీరు చూస్తుంటే ఆ అమ్మాయికి ఇబ్బందిగా ఉందట."

పెద్దాయన వెంటనే లేచాడు.

"అవునా? నాకు తోచనేలేదు బాబూ. ఆ పిల్లకి చెప్పు, ఇంక రానని."

లేవడంలో శాలువా జారింది. చొక్కా కుడిచెయ్యి ఖాళీగా మడిచి, భుజం దగ్గర పిన్నీసు పెట్టి ఉంది.

ఆమె చూసింది. పిలుద్దామనుకుంది. అప్పటికే తరవాతి అంకె పిలిచేసింది, మనిషి వచ్చి కిటికీ ముందు నిలబడ్డాడు. తనలాంటివాడై ఉండీ తన మీద నిఘాకు ఒప్పుకున్నాడే అని సర్దిచెప్పుకుంది. చేసిన పనికి సాకు రాసిపెట్టడంలో మనసును మించిన గుమాస్తా లేడు.

ఆ రోజు నుంచి ముద్రలు తిన్నగా పడ్డాయి.

నెలాఖరున పెద్దగుమాస్తా ఆమెను తన బల్ల దగ్గరికి పిలిచాడు.

"ఇక నిశ్చింతగా ఉండు తల్లీ. మేడమ్ సంతకం పెట్టేసింది. ఆ కిటికీ నీదే, నిన్ను కదిపేవాళ్లు లేరు."

గుండె మీది బరువు దిగిపోయింది. ఆ తేలికలోనే అడిగేసింది.

"ఆ శాలువా పెద్దాయన్ని నా మీద కాపలా పెట్టింది మేడమా సార్, మీరా?"

"కాపలా ఏంటి?" పెద్దగుమాస్తా కళ్లజోడు తీశాడు. "ఆయన నాకు పాత స్నేహితుడు. చెల్లెలి ఊరికి మకాం మారుస్తున్నాను, పోయేలోగా రోజూ కాసేపు కూర్చుని పోతానన్నాడు. సరే అన్నాను. నిన్ననే రైలెక్కాడు. ఆఖరి రోజుల్లో ఎందుకో రావడమే మానేశాడు."

ఆమె గోడవార ఖాళీ బల్ల వైపు చూసింది.

"నాకు ముందే చెప్పొచ్చు కదా సార్."

"వద్దన్నాడు. తానెవరో తెలిస్తే పిల్లకి చెయ్యి తడబడుతుందన్నాడు."

"ఎవరు సార్ ఆయన?"

పెద్దగుమాస్తా కళ్లజోడు తుడుచుకుంటూ నెమ్మదిగా చెప్పాడు.

"ఒంటిచేతివాళ్లు ఈ ఉద్యోగానికి పనికిరారని ఒక నిబంధన ఉండేదమ్మా, దాని మీద కోర్టుకెక్కి, జుట్టు నెరిసేదాకా పోరాడి కొట్టేయించింది ఆయనే, కానీ తీర్పు వచ్చేసరికి ఆయనకి ఉద్యోగంలో చేరే వయసు దాటిపోయింది."