పడవ బొమ్మ సీసా

“ఖతం మామా. ఒక్క సీసా కూడా లేదు,” అన్నాడు గోల్ ఘర్ బజారులోని వైన్ షాపు కౌంటర్లో కూర్చున్న రాజ్‌కిరణ్.

అప్పలరాముడు కౌంటరు మీదికి వంగి అరల్లోకి చూశాడు. షిప్పు నిన్న సాయంత్రమే హాడో రేవులో సరుకు దింపింది. షాపు తలుపు తీసి గంట కూడా కాలేదు.

“సరిగ్గా సూడ్రా. పడవ బొమ్మది. ఎర్ర వైను.”

“అదే మామా. షిప్పుకి వచ్చేదే ఒక్క పెట్టె, పన్నెండు సీసాలు. తలుపు తియ్యగానే ఆరుగురొచ్చి రెండేసి పట్టుకుపోయారు. అందరూ మీ జంగ్లీఘాట్ జాలర్లే! పేరు కూడా తెలీదు వాళ్లకి. ‘పడవ బొమ్మది దే దో భయ్యా’ అన్నారు, అంతే. ఇన్నాళ్లూ నువ్వూ గోపినాథ్ మామా తప్ప దాని మొహం చూసినోడు లేడు. ఇవాళ అందరికీ దాని మీద ఇంత ప్రేమేటి?”

ప్రేమేమిటో అప్పలరాముడికి క్షణంలో అర్థమైంది. ఆ సీసా సంగతి ఈ దీవి మొత్తం మీద తెలిసింది ఇద్దరికే. ఒకడు తను, రెండోవాడు గోపినాథ్. రమ్ము తాగితే కడుపులో మంటెత్తి వైనుకి మారాక, సరైనది దొరికేందుకు తనకి ఏడాది పట్టింది. కొన్ని చింతపులుసులా పుల్లన, కొన్ని దగ్గు మందులా తియ్యన, కాస్త బాగున్నవేమో టూరిస్టుల ధరలు. ఇదొక్కటే రోజూ సాయంత్రం వేపిన చేపముక్కతో ఓ గ్లాసు తాగితే గొంతులో హాయిగా దిగుతుంది. పొద్దున్నే తల పట్టెయ్యదు. జేబుకి చిల్లీ పడదు. పెళ్లాం తమ్ముడు బతిమాలినా చెప్పని ఆ రహస్యాన్ని గోపినాథ్ చెవిలో మాత్రం వేసి, తన నెత్తి మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాడు.

ఆటో కూడా ఎక్కకుండా, తిట్టుకుంటూ జంగ్లీఘాట్ జెట్టీకి నడిచాడు.

గోపినాథ్ అప్పలరాముడి బోటులో కూర్చుని చిరిగిన వల కుట్టుకుంటున్నాడు. తలెత్తి నవ్వాడు. “దొరికినాయా బావా?”

“అడగడానికి సిగ్గు నేదూ? ఎవులికి సెప్పినావు?”

“ఏటి సెప్పినాను?”

“నంగనాచి కబుర్లాపు. జంగ్లీఘాటంతా ఎల్లి పట్టుకుపోయినారు మన సీసాలు. నాను సెప్పనేదు. ఇంక మిగిలింది ఎవులు?”

“నా పిల్ల మీదొట్టు బావా, నానెవులికీ సెప్పనేదు. అసలు సంగతేటంటే...”

“నోర్ముయ్! ఇంకొక ఒట్టెట్టకు. మొదట ఎట్టిన ఒట్టు ఏటయ్యిందో సూసినాను గదా!”

చేపలు అమ్ముకునే ఆడవాళ్లు బేరాలు ఆపి చూస్తున్నారు. వల సర్దుకుంటున్న మగవాళ్లు ఒకరిద్దరు చూపు తప్పించారు. అది చూసి అప్పలరాముడికి ఒళ్లు ఇంకా మండింది. అందరికీ తెలుసన్నమాట! తనొక్కడే వెర్రివెంగళప్ప!

“బావా, ఒక్క మాట ఇను,” అన్నాడు గోపినాథ్ లేచి నిలబడి.

“ఏటినేది? సీసా పోతే పోయిందిరా, ఎదవ సీసా! పద్దెనిమిదేళ్లు నడిసంద్రంలో నీ సేతికి సుక్కానిచ్చి నాను కునుకు తీసినాను. సొంత తమ్ముడికి కూడా అలాగివ్వనేదు. ఒక్క మాట దాయలేనోడివి, నా పానం కాపాడతావేట్రా?”

గోపినాథ్ చేతిలో వల కింద పెట్టాడు.

“ఆ మాట ఎనక్కి తీసుకో బావా.”

“తీసుకోను. రేపట్నించి నా బోటెక్కకు.”

గోపినాథ్ వల మడత పెట్టుకుని భుజాన వేసుకున్నాడు. అన్నం డబ్బా చేత పట్టుకుని బోటు దిగాడు. రెండడుగులు వేసి ఆగి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు. “ఇంజనుకి కొత్త ప్లగ్గు ఏసినాను. పాతది డబ్బాలో ఉంది.”

రోడ్డెక్కి మలుపు తిరిగి వెళ్లిపోయాడు.

అప్పలరాముడు బోటు అంచు మీద కూలబడ్డాడు. ఇంత దగా చేసి, పైగా ఇంజను సంగతి చెబుతాడా! కోపంతో పాటు ఏడుపూ ముంచుకొచ్చింది. నలుగురూ చూస్తున్నారని లుంగీ అంచుతో మొహం తుడుచుకున్నాడు. కన్నకొడుకు మోసం చేసినా ఇంత బాధ పడేవాడు కాదేమో.

పక్కనే సరుకంతా అమ్ముడైన గంప చంకన పెట్టుకుని చేపలమ్మే ముసలమ్మ ఇంటికి బయల్దేరింది. గంపలో కప్పిన గోనెగుడ్డ కింద నుంచి రెండు సీసా మూతులు కనబడుతున్నాయి. గుడ్డ కాస్త జారింది. పడవ బొమ్మ!

“నువ్వు కూడానా పిన్నీ!” అన్నాడు అప్పలరాముడు. “ఆ గోపీగాడు నీక్కూడా సెప్పీసినాడా?”

ముసలమ్మ ఆగి, అతన్ని ఎగాదిగా చూసి, బోసినోరు తెరిచింది.

“ఆడేటి సెప్తాడ్రా! మొన్న సేపలేట మొదలెట్టిన నాడు గంగమ్మతల్లికి ఏటా పోసే రమ్ము కాదని ఈ సీసా ఒంపి, తాగిన మత్తులో గోపీ వద్దు వద్దంటున్నా ఆడి సెయ్యి ఇదిలించుకుని, మిగిలింది మా అందరి దోసిళ్లలో పోసి ‘ఎలాగుంది, ఎలాగుంది’ అని అడిగినోడివి నువ్వే గదరా!”