గేటు మూసే ముందు

"ఎంతమంది వచ్చారమ్మా?" అడవి గేటు దగ్గర సర్వే చేసే ఆవిడ అడిగింది.

"ఇద్దరం," అన్నాను.

"ముగ్గురం," అంది అమ్మ. "మా పెద్దాడు ముందే లోపలికెళ్లాడు."

నేను తల దించుకున్నాను. అన్నయ్య లోపలికి వెళ్లింది నిరుడు వానాకాలంలో. వెతికినవాళ్లకు చెప్పు కూడా దొరకలేదు. అప్పటినుంచి అమ్మ ప్రతి ఆదివారం నన్ను తోడు తెచ్చుకుని, చెట్ల మధ్య అన్నయ్యను కేకేస్తుంది. అందరూ చూస్తుంటే నేను సిగ్గుతో చచ్చిపోతూ వెనకే నడుస్తాను.

"జనానికి ఈ అడవి షికారు ఎంత విలువో లెక్క కడుతున్నామమ్మా. రేపు దీన్ని మూసేస్తే, ఎంత ఇస్తే సరిపెట్టుకుంటారు?"

అమ్మ ముఖం పాలిపోయింది. "మూసేస్తారా?"

"అబ్బే, ఊరికే అడుగుతున్నా. వెయ్యా? రెండు వేలా?"

"డబ్బెందుకు తల్లీ! మూసే ముందు లోపలికి ఓ కేకెయ్యండి, చాలు. ఒక్క పిలుపుకి పలికే రకం కాదు వాడు. రెండు మూడుసార్లు పిలవాలి."

జవాబు ఫోనులో ఎక్కించబోతున్న ఆవిడ వేలు అక్కడే ఆగిపోయింది.

లోపలికి వెళ్లాక అమ్మ కేకెయ్యకుండా గేటు వైపే తిరిగి చూస్తోంది. ఆ రోజు మొదటిసారి నేనే అరిచాను.

"అన్నయ్యా!"

ఎవరూ పలకలేదు.

మళ్లీ పిలిచాను.