వీడియో గోడ

"కదలకు తమ్మీ! ఇంకో జానెడు కుడికి జరిగితే నీ ఆఫీసుల మంచాలు కనబడ్తయి."

రఘుపతి ఫోన్‌ను పచ్చడి సీసాకు ఆనించి, ఒక కన్ను మూసి, సినిమా కెమెరామన్‌లా చూశాడు. గురువారం సాయంత్రం ఏడున్నర. ఒమాన్‌లో, అజైబాలోని ఆ రూమ్‌లో ఆరుగురు మనుషులు, మూడు రెండంతస్తుల మంచాలు, దగ్గుతూ పనిచేసే ఒక ఏసీ. వీటన్నిటి మధ్య అందమైనది ఒక్కటే. గోడ. మొత్తం గోడ కాదు, మీటరు వెడల్పు ముక్క. సైట్‌లో మిగిలి పారేయబోతున్న పాలరాతి రంగు టైల్స్‌ను ఫోర్‌మన్‌ను అడిగి తెచ్చి, మల్లేశం తన చేత్తో అతికించాడు. దాని పేరు వీడియో గోడ. ఇళ్లకు ఎవరు కాల్ చేసినా దాని ముందు కూర్చునే చేస్తారు. అందుకే జగిత్యాల చుట్టుపక్కల ఆరు ఊళ్లలో ఈ ఆరుగురికీ ఆఫీసులున్నాయి. నిజానికి ఆఫీసు ఒక్కటే, ఆఫీసర్లే ఆరుగురు.

ఇవాళ ఆ గోడకు పెళ్లిచూపుల డ్యూటీ పడింది.

"టై బిగుసుకపోతున్నదే అన్నా," అన్నాడు మల్లేశం మెడ తిప్పుతూ.

"పొద్దంత టైల్స్ ఏసేటోనికి టై బరువైతదా? చివర 'ల్స్' తీసేసినం గద, ఇంకింత అల్కగుండాలె!"

రఘుపతి పగలబడి నవ్వాడు. తన జోకులకు మొదటి శ్రోత అతనే. చాలాసార్లు చివరి శ్రోత కూడా.

మల్లేశానికి నవ్వు రాలేదు. ముప్పై అయిదు నిండాయి. ఇంతకుముందు రెండు సంబంధాలు "టైల్స్ మేస్త్రీనా? మేమింకేదో అనుకున్నం" అన్న మాటతోనే పోయాయి. ఈసారి తల్లి చిన్నవ్వ ముందే అమ్మాయి అన్నతో "మావోడు ఆఫీసుల సూపర్‌వైజర్" అని చెప్పేసింది. పొద్దున ఫోన్‌లో కొడుకును కూడా హెచ్చరించింది. "నిజం పెండ్లైనంక గూడ జెప్పుకోవచ్చురా. ఇది గిట్ల చెడగొట్టినవనుకో, నేను మల్ల ఎవ్వలింటికి పోయి పిల్లనడుగ."

"అవ్వ సూపర్‌వైజర్ అన్నది, నువ్వు సూపర్ వేషం కట్టినవ్," అన్నాడు రఘుపతి. "ఒమాన్‌కు వచ్చినోడు పెండ్లి మాన్ అని ఎవ్వడు రూలు పెట్టలే. కూసో సక్కగ!"

ఫోన్ మోగింది.

తెర మీద రజిత. మెట్‌పల్లి దగ్గరి పిల్ల. 'మా చెల్లె ఇంటిపట్టునే ఉంటది, మీరిద్దరు మాట్లాడుకోండ్రి' అని ఆమె అన్నే ఇద్దరికీ నంబర్లు ఇచ్చాడు. ఆమె వెనక నేల దాకా వేలాడే పట్టు తెరలు, పైన గాజు దీపాల గుత్తి.

ఫోన్ వెనక నిలబడ్డ రఘుపతి కళ్లు పెద్దవి చేసి, "బంగ్లా!" అని పెదవులు కదిపాడు. మల్లేశం గుండె ఓ అంతస్తు కిందికి దిగింది.

"మెల్లగ మాట్లాడుతున్నందుకు ఏమనుకోకండ్రి," అంది రజిత గుసగుసగా. "చిన్నోడు ఇప్పుడే పండుకున్నడు."

"మీ అన్న కొడుకా?"

"పిల్లలు ఎవ్వలైతేంది? నా చెయ్యి పట్టుకుంటెనే పండుకుంటడు. మీరు తిన్నరా?"

"ఇంకా లేదు. మీరు?"

"ఇంట్ల అందరు తిన్నంకనే నేను."

పెద్దింటి పద్ధతి అనుకున్నాడు మల్లేశం. టై ఇంకాస్త బిగిసింది.

ఆమె చూపు అతన్ని దాటి వెనక్కి పోయింది. "మీ గోడ మంచిగున్నది. ఆ జాయింట్లు జూడుండ్రి, దారం పట్టి ఏసినట్టున్నయ్. గట్లేస్తే మురికి పట్టది, తుడిసేటోళ్ల నడుము బతుకుతది. ఎవ్వలేసిండ్రో గని, పనిమంతుడు."

పన్నెండేళ్లుగా అతని పనిలో తప్పులు చూపించిన వేళ్లే తప్ప, మెచ్చుకున్న నోరు లేదు. మల్లేశం చెయ్యి టై ముడి మీదికి పోయింది. ఈసారి సర్దుకోవడానికి కాదు.

రఘుపతికి ప్రమాదం అర్థమైంది. ట్రాఫిక్ పోలీసులా రెండు చేతులూ అడ్డంగా ఊపసాగాడు.

"నేనే ఏసిన," అన్నాడు మల్లేశం.

"ఏందీ?"

"ఇది ఆఫీసు గాదండీ, మేముండే రూము. నేను సూపర్‌వైజర్ను గాదు, టైల్స్ మేస్త్రిని. అవ్వ భయపడి అబద్ధం జెప్పింది, నేను సిగ్గుపడి ఊకున్న."

టై లాగేసి, ఫోన్ చేతిలోకి తీసుకుని రూమంతా తిప్పి చూపించాడు. మంచాలు, దండెం మీద బనియన్లు, ఇంకా చేతులూపుతూనే ఉన్న రఘుపతి.

"గీన రఘుపతన్న. ఈనకు గూడ ఆఫీసు లేదు."

రఘుపతి చేతులు దించి మర్యాదగా నమస్కారం పెట్టాడు.

తెర మీద రజిత బొమ్మ కదలడం ఆగిపోయింది.

"నెట్ పోయిందేమో," అన్నాడు రఘుపతి ఆశగా.

నెట్ పోలేదు. రజిత రెప్ప వేయకుండా చూస్తోంది.

"సైట్ ఎక్కడ?" అని అడిగింది.

"ఇప్పుడైతే అల్ మవాలేల. ఇక్కడికెల్లి బస్సుల అరగంట."

ఆమె చటుక్కున కళ్లు తుడుచుకుంది. మూడోది కూడా పోయిందనుకున్నాడు మల్లేశం.

"మీరు పెద్దింటోళ్లు. తప్పైంది. మీ అన్నకు నేనే ఫోన్ జేసి జెప్త."

"అన్నతోని నేను మాట్లాడ్త. రేపు మీకు డ్యూటీ ఉన్నదా?"

"రేపు శుక్రవారం గద, సెలవు. ఎందుకు?"

రజిత ఓసారి వెనక్కి తిరిగి తలుపు వైపు చూసింది. తర్వాత ఫోన్‌కు దగ్గరగా జరిగి మొదటిసారి నవ్వింది.

"నాకూ సెలవే, నేను పనిచేసే ఇల్లు గూడ అల్ మవాలేలనే."