‘మా ఆయన’ అంటే ఎవరు?

“నువ్వేనేటే సెప్పినావు?” జోగులు తల తిప్పకుండా, పెదవులు కదపకుండా పెళ్ళాన్ని అడిగాడు.

“నానేటీ సెప్పనేదు మావా,” అంది కాళమ్మ, తనూ తల తిప్పకుండానే.

పోర్ట్ బ్లెయిర్ తెలుగువాళ్ళు పెట్టుకున్న మానసిక ఆరోగ్య సదస్సు అది. ఇంట్లో ఎవరి మనసు బాగోలేకపోయినా గుమ్మం దగ్గర నిలబడ్డ వాలంటీరు స్వాతి చెవిలో వేస్తే చాలు. పేరు అక్కర్లేదు. ఆ పిల్ల మైకులో చెబుతుంది, వేదిక మీద డాక్టరు వాసుదేవ్ సలహా ఇస్తాడు. ఏర్పాటు మంచిదే. కాకపోతే ఆ గుమ్మంలోంచి వచ్చిన ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో పలికే రకం కాదు. అందరికీ ‘మా ఆయనే’.

స్వాతి ఇప్పుడే మైకులో అంది: “ఒక అక్క చెప్పారు. మా ఆయన బయట అందరితో గలగలా మాట్లాడతాడు, ఇంట్లో నోరు విప్పడు. రాత్రిళ్ళు లేచి కిటికీలోంచి చీకట్లోకి చూస్తాడు. కూరలో ఉప్పు లేకపోయినా తెలుసుకోడు. ఏమైందంటే ఏం లేదంటాడు.”

హాల్లో మగవాళ్ళ కుర్చీలన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి.

జోగులుకు చెమట పట్టింది. “కూరలో ఉప్పు నేకపోడమేటే? ఎప్పుడూ?”

“మొన్నట్నించీ ఎయ్యనేదు. సూద్దారని.”

“ఓరి నాయనో! మరి నానేటి తిన్నాను?”

“నాకేటి తెల్సు? రెండోసారి ఎయ్యమన్నావు, ఏసినాను.”

వెనక వరసలో తన పడవలో వల లాగే నూకన్న కూర్చున్నాడని జోగులుకు గుర్తొచ్చింది. గొంతు ఇంకా తగ్గించాడు. “నువ్వే సెప్పినావు. నా పరువు తీసినావు. యెర్రోడి పడవ ఎవుడెక్కుతాడే? రేపట్నించి ఒంటిగా ఎల్లాలా సముద్రానికి?”

కాళమ్మ చేతిలోని నీళ్ళ గ్లాసును అటూ ఇటూ తిప్పింది.

“శరమ్ మత్ కరో భయ్యా, సిగ్గుపడకండి,” అన్నాడు డాక్టరు వేదిక మీంచి నవ్వుతూ. “ఆయన ఎవరో ఈ హాల్లోనే ఉన్నారు. లేచి నిలబడండి చాలు. సగం బరువు అక్కడే దిగిపోతుంది. ఆయన లేచేదాకా మనం భోజనాలకు లేవం.”

పక్క గదిలోంచి చేపల పులుసు వాసన వస్తోంది. జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎవరూ లేవలేదు.

“ఒట్టేసి సెప్పు,” అన్నాడు జోగులు.

కాళమ్మ ఈసారి అతనివైపు తిరిగింది. “సెప్పనేదు మావా. సెప్పాలనే వొచ్చినాను. ఆ గుంట ముందర నిలబడినాక, నీకు సిన్నతనమైపోద్దని నోరు రానేదు. నీల్లెక్కడున్నాయమ్మా అని అడిగేసి వొచ్చినాను.”

జోగులు ఆమె చేతిలో నీళ్ళ గ్లాసు చూశాడు. ఆ నీళ్ళు ఆమె తాగనే లేదు. దాన్ని అతనికేసి జరిపింది. అతను గడగడా తాగేసి, చేతిలో గ్లాసుతోనే లేచి నిలబడ్డాడు.

“నానే బాబూ,” అన్నాడు. “సెప్పింది మా ఆడది కాదు. అయినా నానే. మొన్న గాలివానలో పడవ పల్టీకొట్టబోయిన కాడ్నించి నిద్ర నేదు. ఇంజను శబ్దం ఇంటే గుండె దడ. పడవలోల్లకి తెలిస్తే రారని నవ్వుతా తిరుగుతన్నాను.”

వెనక కుర్చీ జరిగిన చప్పుడు. నూకన్న వెళ్ళిపోతున్నాడనుకుని జోగులు కళ్ళు మూసుకున్నాడు.

“కాదు బాబూ, అది నానే,” అన్నాడు నూకన్న.

“కూకోరా! నా యవారం నడస్తంది.”

“నీదేటి? ఆ పడవలో నానూ ఉన్నాను గదా? నువ్వు భయపడతన్నావని తెలిస్తే నాకీ బాధుండునా? ఈడు మగోడు, నానే పిరికోన్నని రోజూ ఏడస్తన్నాను.”

“మరి రేపొస్తావా?”

“నువ్వొస్తే వొస్తాను. ఇద్దరం కలిసి భయపడదారి.”

ముందు వరసలో బజారు హార్డువేరు కొట్టు గోపినాథ్ గొంతు సవరించుకుని లేచాడు. “మీ ఇద్దరూ ఆగండి. ఉప్పు సంగతి మాత్రం కచ్చితంగా నాదేనండీ. మా ఆవిడ తప్ప అంత వివరంగా ఎవరూ చెప్పలేరు.”

“నేను చెప్పలేదండీ!” అంది అతని భార్య.

“మరి కిటికీ?” అంటూ ఇంకొకాయన లేచాడు. “ఆ కిటికీ మాదే.”

ఆ తర్వాత ఎవరూ ఎవర్నీ బతిమాలనక్కర్లేకపోయింది. పొద్దున ఎవరికీ లేని జబ్బు కోసం ఇప్పుడు మగవాళ్ళు పోటీ పడుతున్నారు. ‘నాదంటే నాది’ అని వాదులాడుకుంటున్నారు. భార్యలు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు, నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలియకుండా. కాళమ్మ మాత్రం జోగులు చొక్కా అంచు పట్టుకుని వదల్లేదు.

డాక్టరు వాసుదేవ్ మొహం వెలిగిపోయింది. ఇన్నేళ్ళలో ఇంత విజయవంతమైన సదస్సు ఆయన చూడలేదు.

“చూశారా! ఒక్క ఇల్లాలు నోరు విప్పితే ఇంతమందికి మేలు జరిగింది. స్వాతీ, ఆ మహాతల్లి ఎవరో చూపించమ్మా, చప్పట్లు కొడదాం. వీళ్ళలో ఆవిడ భర్త ఎవరు?”

స్వాతి తలొంచుకుంది. “వద్దు సార్.”

“దాచుకోకూడదని పొద్దుట్నుంచీ చెబుతున్నదేమిటి? మైకులోనే చెప్పు.”

స్వాతి నిలబడ్డ మగవాళ్ళందర్నీ ఒకసారి చూసి, మైకు నోటి దగ్గర పెట్టుకుంది.

“వీళ్ళెవరూ కాదు సార్. నాతో చెప్పింది మీ మిసెస్.”